భోగిమంటకు ముందు



తెలుగువారి యిండ్లలో పాతవస్తువునకు ఏటేట రెండు గండములు కలవు. మొదటిది దీపావళికి ముందు, ఇల్లాలు వెదురుకఱ్ఱ కొసకు చీపురు కట్టించి అటకమీది బూజు దులిపించునప్పుడు వచ్చును. రెండవది, అంతకంటె ప్రాణాంతకమైనది, భోగినాటి తెల్లవారుజామున వచ్చును. ఈ రెండు గండములకు నడుమనున్న చలికాలమున, కాలు విరిగిన కుర్చీయు, మూతపోయిన కుంకుమభరిణెయు, తాతగారి తరువాత ఎవరును తెఱవని భోషాణమును, ఉంచుకొనుటకు చోటులేక, పారవేయుటకు మనసురాక వసారాలో కొంతకాలము పడియుండి, తుదకు ఒకనాటి మధ్యాహ్నమున వీధిలో 'పాతసామాన్లు కొంటాం' అను కేక వినబడినంతనే గడప దాటిపోవును. అట్లు గడప దాటిన వస్తువు ఎచటికి పోవుననునదియే నేటి నా ప్రసంగవిషయము.

దాని వెంటబడి నేను ముప్పది యేండ్లుగా తిరుగుచున్నాను. మా యింటివారు దీనిని వ్యసనమందురు. నేను పరిశోధన యందును. ఎవరి మాట యథార్థమో శ్రోతలు ప్రసంగాంతమున తీర్మానింపవచ్చును.

హైదరాబాదున మూసీయొడ్డున, పురానాపూల్ చేరువను, ప్రతి గురువారమును ఒక సంత కూడును. ఉర్దూలో గురువారమును జుమేరాత్ అందురు గనుక దానికి జుమేరాత్ బజారని పేరు. పురానాపూల్ అనగా పాతవంతెన. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా దానిని 1578లో కట్టించెను. నగరమునకు పునాది పడినది 1591లో. అనగా ఊరు పుట్టుటకు పదుమూడేండ్లు ముందే ఊరికి వంతెన పుట్టినది. పాతవస్తువుల అంగడికి ఇంతకంటె తగిన పొరుగు మఱియొకటి దొరకదు. వానకాలమున ఈ సంత సంతగా నుండదు. సరకంతయు నేలమీద గోనెపట్టాలపై పఱచునది గనుక, ఒక్క జల్లు కురిసిన చాలును, పుస్తకము ముద్దయగును, గడియారమునకు తుప్పు పట్టును, అమ్మువాడు ప్లాస్టికు కాగితమును, కొనువాడు గొడుగును సవరించుకొనుటలోనే పొద్దు గడచును. వేసవిలో తొమ్మిది గంటలకే ఇత్తడి చేతిని కాల్చును. కావున కార్తికమునుండి మాఘము వఱకుగల నాలుగు నెలలే ఈ వేటకు అనువైన ఋతువు. అదిగాక, ఇండ్లు దులుపుటయు, భాగస్వాములు పంపకములు తెంచుకొనుటయు, పాత పెంకుటింటిని పడగొట్టి కట్టుబడి ఆరంభించుటయు వానలు వెలసిన తరువాతనే జరుగును. సరకు వచ్చునది అప్పుడే.

ఈ సంతకు వెళ్లదలచినవారు సూర్యోదయమునకు ముందే వెళ్లవలెను. తొమ్మిది గంటలకు తీరికగా కాఫీ త్రాగి బయలుదేఱినవారికి మిగులునది విరిగిన మిక్సీలును, జతలేని జోళ్లును మాత్రమే. చీకటితో వచ్చు మొదటి బేరగాండ్రు మనవంటివారు కారు. వారు తోటి వర్తకులు. చార్మినారు వైపు ముర్గీచౌకులో దుకాణములు గలవారు మఫ్లరు చెవులకు చుట్టుకొని, చేతిలో టార్చిలైటు పట్టుకొని, మూటలు విప్పుచుండగనే కూర్చుండి ఏఱుకొందురు. ఆ వెలుతురున ఒక చెంబు ఒకని చేతినుండి మఱియొకని చేతికి రెండు మాఱులు మాఱి, తెల్లవాఱునప్పటికి మూడింతలు ధర పలుకుట నేను కన్నులార చూచితిని. అయినను మనవంటివారికి ఒక ఆధారము కలదు. దానిపేరు బోణీ. తొలిబేరము చెడినచో దినమంతయు చెడుననెడి నమ్మకము తెలుగువానికెంతయో హైదరాబాదు తురకవర్తకునికిని అంతయే. పొద్దు పొడుచువేళ ఆ మాట ఒక్కటి మెల్లగా జారవిడిచినచో, సగముధరకు గిట్టని వస్తువు ముప్పాతికకు దిగివచ్చును. ఈ రహస్యమును ఆకాశవాణిలో చెప్పినందులకు తరువాత పశ్చాత్తాపపడుదునేమో.

ఇక నా యసలు జాడ్యము ఇత్తడిసామాను. అందుకు కారణము చెప్పవలెను. మా బాల్యమున, అనగా ఆఱవ, ఏడవ దశకములలో, స్టెయిన్‌లెస్ స్టీలు మన వంటయిండ్లలో కొత్తకోడలి వలె ప్రవేశించినది. తోము పని లేదు, చింతపండు అక్కఱలేదు, ఏడాదికొకమాఱు కళాయివానిని పిలిచి, కొలిమి పెట్టించి, నవాసారపు పొగలో కన్నులు మండించుకొని తగరపు పూత పూయించుకొను బాధ లేదు. వీధివెంట స్టీలు గిన్నెలవాడు తట్టనెత్తుకొని వచ్చి, ఇత్తడిని తూచి తీసికొని, దానికి మాఱుగా మెఱయు డబ్బాల నిచ్చిపోవుచుండెను. మా యమ్మ యట్లే ఒకనాడు మా నాయనమ్మ కాపురమునకు తెచ్చుకొన్న కొలపాత్రల వరుస నిచ్చి, మూడు గిన్నెల క్యారియరును తీసికొన్నది. ఆమెను నేను తప్పుపట్టను. ఆ క్యారియరులోనే నేను పదేండ్లు అన్నము పట్టుకొనిపోయితిని.

కొలపాత్రలనగా నేటి పిల్లలకు తెలియదు గనుక రెండు మాటలు. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచము. బియ్యము, పప్పు, నూనె, ఎరువిచ్చిన ఉప్పు, అన్నియు వీనితోనే నడచెను. తూనికలు కొలతల చట్టము 1956లో వచ్చి, మఱి కొద్ది యేండ్లలో కిలోయు లీటరును బజారునంతటిని ఆక్రమించుకొనగా, ఈ పాత్రలు అంగడినుండి వంటయింటికి, వంటయింటినుండి అటకకు, అటకనుండి గోనెపట్టాకు చేరుకొన్నవి. నేను గత పండ్రెండు చలికాలములలో వీనిని ఒక్కొక్కదానినే కూర్చుకొనుచు వచ్చితిని. కుంచము ఇనుపది, అంచుకు పట్టీ వేసినది, ఒక తెలంగాణపు పల్లెనుండి వచ్చినదట. మానిక కంచుది. తవ్వకును సోలకును జత కుదిరినది. గిద్దె మాత్రము దొరకలేదు. చిన్నవస్తువు గనుక ముందుగా పోవునదియు అదియే, కరిగిపోవునదియు అదియే, చంటిపిల్లలు బావిలో పడవేయునదియు అదియే.

పాత ఇత్తడిని కనిపెట్టుట యెట్లని పలువురు నన్నడుగుదురు. మునుపు కంచరివారు పెద్దబిందెలను రేకులు సాగగొట్టి అతికెడివారు. ఆ యతుకును వెలుతురునకెత్తి చూచినచో, పై రేకు అంచును క్రింది రేకు అంచును రెండు దువ్వెనల పండ్లవలె ఒకదానిలోనొకటి దూఱియుండును. నేటి బిందెకు అట్టి అతుకుండదు. అది మరమీద తిరుగుచు పుట్టినది. ఇది యొక గుర్తు. రెండవ గుర్తు అరుగుదల. కొత్తచెంబును ఆమ్లములో ముంచి నల్లపఱచి పాతదని అమ్ముట కలదు. అట్టిదానికి ముసలితనము ఒళ్లంతయు ఒకేరీతిగా వచ్చును. నిజముగా వాడిన చెంబు అట్లుండదు. బొటనవ్రేలు పట్టినచోట నునుపెక్కియుండును, నేలమీద నానినచోట అడుగు పలుచబడియుండును, మెడక్రింద చింతపండు చేరని సందులో నాలుగు తరముల మకిలి గట్టిపడియుండును. ఆ మకిలిని తోమించి, పసిడివలె మెఱయించి, హాలులో దీపముక్రింద పెట్టువారిని చూచినచో నాకు మహాకోపము వచ్చును. వారు చెంబును కొనుక్కొని దాని యాయువును కడిగివేయుచున్నారు.

మూడవ గుర్తు అన్నిటికంటె నాకు ప్రీతికరమైనది. మనవారు పాత్రకొన్న వెంటనే అంగడివానిచేతనే ఉలితో అంచుమీద పేరు కొట్టించుకొందురు. చుక్కచుక్కగా అక్షరములు పడును. ఇంటిపేరు మొదటియక్షరము, పేరు, ఒక్కొక్కచో ఊరు, ఒక్కొక్కచో సంవత్సరము. శుభకార్యమునకు ఇరుగుపొరుగువారు అరువుతెచ్చిన గిన్నెలు కలిసిపోకుండుటకు పుట్టిన అలవాటిది. జుమేరాత్ బజారులో ఒక గుట్టముందు కూర్చుండి అంచులు త్రిప్పుచు పోయినచో, కోస్తావారి బిందె, తెలంగాణపు తపేలా, ఎవరో ఒక చెల్లెలికి అన్న ఇచ్చిన పళ్లెము, 'సారె' అను రెండక్షరములు మాత్రము మిగిలిన గంగాళము, ఒక దానిపైనొకటి పడియుండును. ఆ యిండ్ల యిల్లాండ్రు పేర్లు చెక్కించుకొన్నది దొంగభయముచేతను గూడ. తీసికొనిపోయినది దొంగ కాదు.

బిదిరీ సామానును గూర్చి చెప్పకున్న హైదరాబాదువారు నన్ను క్షమింపరు. బీదరు 1956 వఱకు హైదరాబాదు రాజ్యములోనిదే గదా. తుత్తునాగము పాలు మిక్కిలిగను, రాగి పాలు కొంచెముగను కలిపి పోతపోసి, పైన వెండితీగెను గాని రేకును గాని పొదిగి, తుదకు బీదరుకోటలోని పాతమట్టిని నవాసారముతో కలిపి మరుగుచున్న నీటిలో ముంచినచో, లోహము కాటుకవలె నల్లబడును, వెండి మాత్రము చెక్కుచెదరక తెల్లగా నిలుచును. కళాయివాని కొలిమిలో పొగరేపిన నవాసారమే ఇచట ఇంత సౌందర్యమును పుట్టించుట విచిత్రముగ లేదా! సంతలో హుక్కాబుడ్డి, పాన్‌దాను, ఉగాల్‌దాను అపుడపుడు కానవచ్చును. నలుపు వెలిసి బూడిదరంగు తిరిగిన దానిని చూచి నకిలీయని పాఱవేయవలదు. కొంచెము నూనె పట్టించి తుడిచినచో నలుపు మేలుకొనును. చేతికెత్తినప్పుడు తేలికగానున్న దానిని, పైపైన నల్లరంగు పూసినదానిని మాత్రము గోరుతో గీచి చూడుడు. అమ్మువాడు అటు తిరిగినప్పుడు.

మోసపోవుట యన నేమో నాకు తెలియదని శ్రోతలు తలంపవలదు. అది నాకు చక్కగా తెలియును. ఒక పుష్యమాసమున ఊరిలోని యొక దుకాణమున, పువ్వువలె విచ్చుకొన్న ఇత్తడిబూరగల గ్రామఫోను నొకదానిని, రెండునెలల పింఛను పోసి కొంటిని. పెట్టెపైన బూరముందు కూర్చున్న కుక్కబొమ్మ యున్నది, కీ త్రిప్పగనే పాడినది, ఇంటిల్లిపాదియు మెచ్చిరి. ఎనిమిదవనాడు స్ప్రింగు తెగినది. బాగుచేయుటకు తీసికొనిపోగా ఒక మెకానికు పెట్టె విప్పి, చాలసేపు మాటాడక, పిమ్మట ఇట్లనెను: లోపలి యంత్రము ఒక మూతపెట్టె గ్రామఫోనులోనిదట, బూర నిన్నగాక మొన్న చేసినదట, కుక్కబొమ్మ కాగితపుదట. 'కుక్క ముఖం చూడండి సార్, పిల్లిలా లేదూ?' అని యడిగినాడు. చూచితిని. ఉన్నది.

ఆనాటినుండి నేను యంత్రములను విడిచి రికార్డులను పట్టుకొంటిని. ఇవి లక్కతో చేసిన నల్లని పళ్లెములు. నిమిషమునకు 78 చుట్లు తిరుగును. ఒక్కొక్కవైపున సాధారణముగా మూడు మూడున్నర నిమిషములకు మించి పాట పట్టదు. లోకములోని ఈ పళ్లెములన్నిటికిని వలసిన లక్కలో అధికభాగము మన దేశపు అడవులనుండియే పోయెడిది. వ్రేలిమెటికతో తట్టినచో, చెక్కుచెదరని రికార్డు గణగణమనును, కంటికి కానరాని పగులున్నది మొద్దుగా పలుకును. కుండను కొనువారికి ఈ విద్య క్రొత్తది కాదు. స్థానం నరసింహారావు స్త్రీకంఠమును, డి.వి. సుబ్బారావు హరిశ్చంద్ర పద్యములును, ఘంటసాల పుష్పవిలాపమును నాకీ సంతలోనే, పాతబట్టల మూటక్రింద, ఒకటికొకటి అంటుకొని దొరకినవి. అమ్మువాడు వానిని తూకమునకు ఇచ్చెదనన్నాడు. సంగీతమును తూకమునకు కొన్నవాడను నేనొక్కడనే కాకపోవచ్చును, కాని ఆనాడు త్రాసులో ఘంటసాలకు సరితూగినది ఒక పాత ఇస్త్రీపెట్టె.

నాణెములను గూర్చి ఒక్క హెచ్చరిక చేసి విడిచెదను. ఒకవైపున సీతారామ పట్టాభిషేకమో హనుమంతుడో, మఱియొకవైపున ఈస్టిండియా కంపెనీపేరును 1818 అను సంవత్సరమును గల రాగిబిళ్లలు ప్రతి సంతలోను కుప్పలుగా దొరకును. కంపెనీవారు అట్టి నాణెమును ఎన్నడును వేయలేదు. అవి బియ్యపుగింజలను ఆకర్షించునని చెప్పి లక్షలు గుంజినవారిని గూర్చి మనము పత్రికలలో చదువుచునే యున్నాము. నిజాముల నాటి, చార్మినారు బొమ్మగల హాలీసిక్కాలు కావలసినవారు నిశ్చింతగా వెదకుకొనవచ్చును. అవి నిజముగా చెలామణిలో నుండినవే.

పుస్తకములకు గురువారము కాదు, ఆదివారము పోవలెను. అబిడ్స్‌లో ఆదివారమునాడు దుకాణములు మూసియుండగా వాని మెట్లముందు, కాలిబాటల పొడవునను పాతపుస్తకములు పఱచుదురు. బెజవాడవారికి లెనిన్ సెంటరు పుస్తకాల కొట్లున్నవి గనుక వారికి నేను చెప్పవలసినదేమియు లేదు. నాకీ యలవాటు పట్టినది మాత్రము మద్రాసులో. చదువుకొను రోజులలో సెంట్రల్ స్టేషను ప్రక్కనే, ఎఱ్ఱయిటుకల వసారాలతో చౌకముగా కట్టిన మూర్ మార్కెట్టుండెను. నగరపాలక సంఘాధ్యక్షుడగు సర్ జార్జి మూర్ 1898లో శంకుస్థాపన చేయగా 1900లో తెఱచిన దానిలో, ఒకప్రక్క చిలుకలును కుందేళ్లును, ఒకప్రక్క గ్రామఫోనులును, నడుమ ఆకసమంటు పుస్తకములును. అచటి వర్తకునకు పుస్తకములోని సంగతి తెలియదు గాని కొనువాని కన్నులలోని సంగతి తెలియును. పుస్తకమును చూచి నీకన్ను మెఱసినచో ధర హెచ్చెడిది. ముఖమున ఏ భావమును కానరానీయక పుస్తకమును త్రిప్పుట నేనచటనే నేర్చితిని. మార్గశిరపు తుంపరలో తడియుచు అచట కొన్న భారతి సంపుటము, కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1924లో ఆరంభించిన ఆ పత్రిక తొలియేటిది, నేటికిని నా బల్లమీద నున్నది. నడుమ పుటలలో ఎవరో పురుగుపట్టకుండ పెట్టిన వేపాకులు సాలెగూటివలె ఈనెలుమాత్రము మిగిలి యున్నవి. వానిని నేను కదలింపలేదు. ఆ మార్కెట్టు 1985 మే 30న కాలిపోయినది. ఆ వార్త నేను హైదరాబాదున పత్రికలో చదివితిని. దానికి భోగి అక్కఱలేకపోయినది.

అబిడ్స్ కాలిబాటమీద నాకు ఒక్క బాధ కలదు. అపుడపుడు చేతికివచ్చు గొప్ప గ్రంథముపైన ఒక గ్రంథాలయపు గుండ్రని ముద్ర యుండును. బీరువాకు చోటు కావలెనని కొందఱు అధికారులు పాతసంపుటములను కిలోలెక్కన విక్రయింతురు. కొన్ని అట్లును కాక, ఎవరో చంకన పెట్టుకొనిరాగా వచ్చును. రద్దుచేసిన ముద్ర లేనిదానిని నేను కొనను. కొనకుండ వచ్చినందులకు రాత్రి నిద్రపట్టదు, అది వేఱుమాట. దేవతావిగ్రహములను గూర్చి సందేహమే వలదు, ముట్టుకొనవలదు. 1972 నాటి పురావస్తువుల చట్టము నూఱేండ్లు దాటిన శిల్పాదులను, డెబ్బదియైదేండ్లు దాటిన విలువైన వ్రాతప్రతులను పురావస్తువులుగా ఎంచినది. వానిని సొంతముగా దేశము దాటించుట నేరము. అమెరికాలోని మనుమరాలికి బహుమానముగా పంపనెంచిన తాతలు ఈ సంగతి గుర్తుంచుకొనుట మంచిది.

ఆకాశవాణివారు గడియారమును చూపుచున్నారు. గిద్దె సంగతి చెప్పి ముగించెదను.

పోయిన సంక్రాంతికి ముందటి గురువారమున, పొద్దు పొడువకముందే, పురానాపూల్ ప్రక్కసందులో మంచు పొగవలె కమ్ముకొనియుండగా, ఒక ముసలివర్తకుడు పాతతలుపుల చెక్కలతో చిన్న మంట వేసికొని కాచుకొనుచుండెను. అతనివద్ద నేను కంచుమానికను కొనియుంటిని గనుక పరిచయము కలదు. చేతులు చాచి ప్రక్కన కూర్చుంటిని. అతడు ఫ్లాస్కునుండి టీ ఒక బుల్లిపాత్రలో వంచుకొని త్రాగుచుండెను. మంట వెలుతురు ఆ పాత్ర అంచుమీద పడినప్పుడు చుక్కలచుక్కల అక్షరములు కొన్ని కదలినవి. గిద్దె! ఇత్తడిది, నిలువుగా, అడుగున చిన్న సొట్టతో, బొటనవ్రేలు పట్టుచోట అద్దమువలె అరిగి.

మూర్ మార్కెట్టులో నేర్చిన విద్యనంతయు ముఖమునకు తెచ్చుకొని, మంటవైపు చూచుచు, 'భాయ్, ఆ బుడ్డి ఎంత?' అంటిని.

'యే బేచ్నే కా నై, సాబ్.' అమ్మకమునకు కాదట. ఇరువదియేండ్ల క్రితము ఒక మూటలో వచ్చినదట. ఆనాటినుండి దీనిలోనే టీ త్రాగుచున్నాడట. ఇందులో పోసిన టీ రెండుగుక్కలలో అయిపోవునట, చల్లాఱుటకు వ్యవధి యుండదట. బోణీ యనినాను. నవ్వినాడు. ధర రెండింతలు చేసినాను, మూడింతలు చేసినాను. అంచుమీద పేరేమున్నదో చూచెదననినాను, చేతికిచ్చినాడు. పేరు అరిగిపోయినది, ఒక్క 'మ్మ' మాత్రము మిగిలినది.

తిరిగి యిచ్చివేసితిని. అతడు దానిని తన చొక్కాకొంగుతో తుడిచి, ఫ్లాస్కు వంచి, నిండుగా పోసి, 'పీయో సాబ్, సర్దీ హై' అని నాకే అందించెను. రెండు గుక్కలే. అతడు చెప్పినట్లే, చల్లాఱలేదు.